కోల్డ్ రూమ్ వాళ్ల చేతిలో పడిన ముసలి కుక్క

నా ఉద్యోగమంతా చల్లదనానికి కాపలా. ఎయిర్‌పోర్టు పక్కన మందుల పెట్టెలు విమానం ఎక్కేముందు ఆగే కోల్డ్ రూమ్‌లో లోడరుగా చేరి, షిఫ్టు సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. రెండు డిగ్రీల కిందికి పోకూడదు, ఎనిమిది దాటకూడదు. ఇంతే నా చదువు. ఇంట్లో పిల్లలు ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే నా ప్రాణం గిలగిల్లాడేది. మా ఇంటామె, "నీ టమాటలు ఏ దేశం పోతలేవు, జర ఊకో" అనేది.

ఇప్పుడు ఆ షెడ్లలో పనిచేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, నీ సర్వీసుల పెద్ద కేసు ఏంది?" అని అడుగుతారు. కరెంటు పోయి జనరేటరు మొరాయించిన రోజు గురించి చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివన్నీ ఫైళ్లలో ఉన్నాయి, తీసి చదువుకోండి. నేను చెప్పేది ఏ ఫైల్లోనూ లేదు. ఒక ముసలి కుక్కను నాలుగు రోజులు వెచ్చగా ఉంచాల్సి వస్తే, అంత సర్వీసున్న నేను ఎట్లా బోల్తా పడ్డానో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

మా షెడ్డు గోడలు లేస్తున్నప్పుడు మేస్త్రీల వెంట పిల్లగా వచ్చిందట ఆ కుక్క. గోధుమ రంగు, ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉండేది. వయసులో ఉన్నప్పుడు ప్రహరీ చుట్టూ గార్డుల కంటే అదే ఎక్కువ తిరిగేది. ఒక సెలవు రోజు లుంగీ మీద వచ్చానని నన్నే గేటు దగ్గర ఆపేసింది. మూతి తెల్లబడ్డాక అందరూ దాన్ని అవ్వ అనడం మొదలుపెట్టారు. "అవ్వ తిన్నదా?", "అవ్వ లేచిందా?" అనే మాటలతోనే మా షిఫ్టు మొదలయ్యేది.

అవ్వకు అసలు దిక్కు మా గేటు అక్క. సెక్యూరిటీ గార్డు. బుద్వేల్ నుంచి బస్సులో పొద్దుటి షిఫ్టుకు వచ్చేది. ఆదివారం చర్చికి వెళ్లడానికి సెలవు దొరికితే చాలు, మిగతా ఆరు రోజులు ఎవరి డ్యూటీ అయినా నెత్తిన వేసుకునేది. వయసులో నాకంటే చిన్నదే. అయినా గేటు దగ్గర అందరికీ అక్కే, నాకూ అక్కే.

శంషాబాద్ చలి సంగతి మీకు తెలుసు. రన్‌వే వైపు అడ్డమనేది లేదు. గాలి తిన్నగా వచ్చి మా గేటుకే తగిలేది. ఆ డిసెంబరులో అవ్వ వెనక కాళ్లు పట్టేశాయి. గార్డు రూము ముందు సిమెంటు అరుగు మీద పడుకునేది. పొద్దున లేవబోతే ముందుకాళ్లు లేచేవి, వెనకభాగం లేచేది కాదు. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా అట్లా సగం కూర్చుని, మనం చూస్తే ముఖం పక్కకు తిప్పుకునేది. 

సరిగ్గా అప్పుడే, ఒక గురువారం, మా మేనేజరు సారు కబురు తెచ్చారు. ఆయనది కోస్తా. మాట మెత్తన, పట్టు గట్టి. సోమవారం పొద్దున విదేశీ మందుల కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. మందులుండే చోట జంతువులు ఉండకూడదన్నది రూలు. ఆ రూలు కాగితాన్ని గోడకు అంటించింది నేనే. అరుగు గేటుకు బయటే కదా అని ఇన్నాళ్లూ అందరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

"నాకు ఆ కుక్క మీద కోపమేమీ లేదండి" అన్నారు సారు. "కానీ వచ్చేవాళ్లకి మొదట కనబడేది గేటే. అక్కడ లేవలేని కుక్క పడి ఉంటే ఏదో జబ్బనుకుంటారు. సిటీకి అవతల కుక్కల ఆశ్రమం ఒకటి ఉంది. మాట్లాడాను. సోమవారం బండి పంపిస్తామన్నారు."

అక్క ముఖం మాడిపోయింది. "సార్, ఆడ గుంపులు గుంపులు ఉంటయి. గీ ముసల్ది గిన్నె కాడికి పోయే లోపల కడమయి నాకేస్తయి. వారం గూడ బతకదు. రోడ్డవతల లారీల పార్కింగుల చాయ్ షెడ్డు ఉన్నది గద, ఆ తాత ఉంచుకుంటనన్నడు. ఆడికి తీస్కపోత సార్, మీ కాళ్లు మొక్కుత."

"అక్కడ లారీలు వెనక్కి తిరుగుతూ ఉంటాయమ్మా. లేవలేని కుక్క తప్పుకోగలదా? చక్రం కింద పడితే ఆ పాపం ఎవరిది?"

సారు అరుగు మీద పడుకున్న అవ్వ వైపు ఒకసారి చూసి, "సరే. సోమవారం పొద్దున తొమ్మిదికి అది తన కాళ్ల మీద తాను నడిచి ఆ పార్కింగుకు వెళ్లగలిగితే అక్కడే ఉంచుకోండి. లేదంటే బండి ఎక్కించేయండి" అని వెళ్లిపోయారు.

తొమ్మిదికట! ఆ రోజుల్లో అరుగు మీదికి ఎండ వచ్చేసరికి పది దాటేది.

అక్క కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం ఎక్కడలేని హుషారు పుట్టింది. ఉష్ణోగ్రతను అదుపులో పెట్టాలి, అంతే కదా? అది నా పనే కదా! మా దగ్గర వెండి రంగు దుప్పట్లు ఉండేవి. మందుల పెట్టెలు విమానం దగ్గర ఎండలో ఆగినప్పుడు లోపలి చల్లదనం బయటికి పోకుండా వాటిని కప్పుతాం. చల్లదనాన్ని ఆపే దుప్పటి వెచ్చదనాన్ని ఆపదా అనుకున్నాను. పాతబడి పక్కన పడేసిన వాటిలోంచి చిరగనివి రెండు తీశాను.

పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే మా డ్రైవరు, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ ఒకటి తెచ్చాడు. అతనిది బాలాపూర్. నోరు తెరిస్తే గణేశుడి లడ్డూ వేలం ముచ్చటే. ప్యాలెట్ మీద పరుపు వేసి, దాని మీద ఒక దుప్పటి, అవ్వను పడుకోబెట్టి పైన ఒక దుప్పటి, అంచులకు టేపు, మూతి పెట్టుకునేంత సందు. లోపల లాగర్ వేలాడదీశాను. లాగర్ అంటే వేడిమి ఎంతుందో దానంతటదే రాసుకునే చిన్న డబ్బా. మా డ్రైవరు దుప్పటి మీద 'ఈ వైపు పైకి' అనే బాణం గుర్తు స్టిక్కరు కూడా అంటించాడు. "అన్నా, ఇగ దుబాయ్ పంపుడే తక్కువ" అన్నాడు.

శుక్రవారం పొద్దున వచ్చీ రాగానే లాగర్ తీసి చూశాను. బయట పదకొండు. లోపల ఇరవై మూడు! చప్పట్లు కొట్టాను. అవ్వ మాత్రం లేవలేదు. నిన్నటిదాకా లేచిన ముందుకాళ్లు కూడా జారిపోతున్నాయి. మూలుగుతోంది.

"ఇరవై మూడు ఉన్నదక్కా లోపల. ఏం పరేషాన్ గాకు, లేస్తది" అన్నాను.

"అన్నా, నీ డబ్బా పక్కకు పెట్టు. చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టాను. అడుగు దుప్పటి మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. పొట్ట కింద బొచ్చంతా తడిసి అతుక్కుపోయింది. దాని ఊపిరి, ఒంటి ఆవిరి పోయే దారి లేక, వెండి దుప్పటికి లోపలివైపు చెమ్మగా పట్టి, బొట్లు బొట్లుగా దాని మీదే రాలాయి. దుప్పటి తీయగానే ఆ తడికి గాలి తగిలి వణికిపోయింది. పైగా అడుగున ఆ నున్నటి గుడ్డ మీద గోళ్లు నిలవడం లేదు. మందుల పెట్టెకు ఊపిరి ఉండదు తమ్ముళ్లూ. ఊపిరి ఉన్నదాన్ని పట్టుకుని నేను ప్యాకింగ్ చేశాను. ఇరవై మూడు డిగ్రీలని చప్పట్లు కూడా కొట్టుకున్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"దవాఖానకు తీస్కపోదాం" అంది అక్క. నన్ను తిట్టినా బాగుండేది.

మా దగ్గర తూకం వేయకుండా ఏదీ బయటికి పోదు. అలవాటు ప్రాణం. అవ్వను పాత బొంతలో చుట్టి కాటా మీద పెట్టాం. మా డ్రైవరు పక్కన నిలబడి వేలం పాడాడు. "పందొమ్మిది కిలోలు ఒకటోసారి! పందొమ్మిది కిలోలు రెండోసారి!" మూడోసారి అనేలోపు అవ్వ అతని చెయ్యి నాకింది. పొద్దుట్నుంచి అక్క నవ్వడం అదే మొదలు.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ మూట విప్పి, తడి బొచ్చు చూసి తలెత్తింది. "ఎవరు చేసిన్రు దీనికి గిట్ల?"

"నేనే మేడం. వెచ్చగ ఉంటదని ప్లాస్టిక్ లెక్క గుడ్డల మూసిన."

"నిన్ను మూసి పండవెట్టాలె."

కాళ్లు ఒక్కొక్కటీ మెల్లగా వంచి చూసింది, వీపు మీద వేళ్లతో నొక్కి చూసింది. "పక్షవాతం గాదు. కీళ్ల నొప్పులు. మీ ఇండ్లల్ల పెద్దమనుషులకు చలికాలం మోకాళ్లు పట్టయా? గిదీ గంతే." బరువు చీటీ ఇస్తే మాత్రం మెచ్చుకుంది. బరువును బట్టే మందు మోతాదు ఉంటుందట.

అప్పటిదాకా గోడకు అతుక్కుని ఉన్న మా డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, నిన్న నా నడుము నొప్పి గోలీ సగం బన్నుల పెట్టి ఇచ్చిన."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "తిన్నదా?"

"బన్ను తిన్నది. గోలీ ఉమ్మేసింది."

"నీకంటే దానికే తెలివి ఎక్కువున్నది. మనుషుల నొప్పి గోలీ కుక్క కడుపు కోస్తది, కిడ్నీలు ఖరాబు చేస్తది. మల్ల ఇస్తివా, చూడు!" అని గదిమి, అవ్వ గోళ్లు తనే కత్తిరించింది. పెరిగిన గోళ్లతో పట్టు దొరక్క జారుతుందట. తర్వాత నావైపు తిరిగి ఒక్కొక్క మాటా నొక్కి చెప్పింది. "నేలకు తగలకుంట ఎత్తు మీద పండాలె. పక్క పొడిగ ఉండాలె. మూడు దిక్కుల గాలికి అడ్డం పెట్టు, ఒక దిక్కు తెరిచి ఉంచు. కాళ్ల కింద రబ్బరు ఎయ్యి. పొద్దుగాల లేపే ముందుగాల నడుముకు, తొడలకు గోరువెచ్చగ కాపడం పెట్టి, తడి తుడిచి, రుద్దున్రి. గుంజొద్దు. నాలుగడుగులు నడిపియ్యి, ఆపు, మల్ల నాలుగడుగులు. నా మందు సగం పని చేస్తది. కడమ సగం మీరు చెయ్యాలె."

నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. కాపడం ఎన్ని డిగ్రీలు ఉండాలని అడగబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాను. అక్కే చెప్పింది. "నీ మణికట్టు మీద పోస్కోని చూడన్నా. చంటిపిల్లల పాలకు చూస్తం గద, గట్ల."

ఆ సాయంత్రమే మా ఊరికి పోయాను. పొలాలు చాలావరకు ప్లాట్ల రాళ్లయిపోయినా మా తమ్ముడు ఇంకా రెండు మడుల్లో వరి వేస్తాడు. రెండు మోపులు గడ్డి కావాలంటే నావైపు వింతగా చూశాడు. "బర్లను అమ్మేసి పదేండ్లాయె. గడ్డి నువ్వు తింటవా?" అన్నాడు. సంగతి చెప్పాక రెండు మోపులకు ఇంకో రెండు కలిపి స్కూటరుకు తనే కట్టాడు. షెడ్డుకు తిరిగొచ్చి గోనెసంచుల్లో ఆ గడ్డి కూరాం. ప్యాలెట్‌కు మూడు వైపులా ప్యాకింగ్ పెట్టెల పలకలు కొట్టాం. ముందు లారీ రబ్బరు పట్టా పరిచాం. అవ్వ ఆ గడ్డిని మూడు నాలుగుసార్లు వాసన చూసి, చుట్టూ తిరగాలని చూసి, తిరగలేక ధబీమని పడి, ఎంత హాయిగా నిట్టూర్చిందో! దాంతోపాటు నేనూ నిట్టూర్చాను.

శనివారం అవ్వ పదింటికి లేచింది. ఆదివారం అక్కకు సెలవు. అయినా తెల్లచీర కట్టుకుని, చర్చికి ముందే గేటు దగ్గర దిగింది. "ఆరాధనకు ఆలస్యమైతది గదక్కా" అంటే, "ఎందుకు ఆలస్యమైనదో ప్రభువుకు తెల్వదా?" అని చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చుంది. ఆ రోజు అవ్వ తొమ్మిదింబావుకు లేచి, రబ్బరు పట్టా దాటి నాలుగడుగులు వేసింది. అక్క "స్తోత్రం ప్రభువా!" అంది. నేను "అయ్యో, ఇంకో పావుగంట తగ్గాలె" అన్నాను.

సోమవారం చూస్తే మంచు. రన్‌వే కనబడడం లేదు, గేటు ముందు నిలబడితే రోడ్డవతల చాయ్ షెడ్డు కనబడడం లేదు. ఎనిమిదింటికే అక్క కాపడం మొదలుపెట్టింది. ఎనిమిదింబావు. ఎనిమిదిన్నర. అవ్వ తోక ఆడిస్తోంది, అక్క ముఖం చూస్తోంది, లేవబోతోంది, కూలబడుతోంది. తొమ్మిదికి పావు తక్కువకు ఆశ్రమం బండి వచ్చి ఆగింది. వెనక బోను తలుపు తెరిచిన చప్పుడు వినగానే నాకు బుర్ర తిరిగిపోయింది.

"నడుం కింద గుడ్డేసి లేపుదాం, పట్టున్రి!" అని అరిచాను.

"అన్నా, నువ్వు జర అటు జరుగు" అంది అక్క తల ఎత్తకుండానే. "గుంజొద్దన్నది డాక్టరమ్మ."

అప్పుడే సారు వచ్చారు. మెడలో టై, మెరిసే బూట్లు. తొమ్మిదిన్నరకు అతిథులు వస్తారు. మేము తప్పు చేసినవాళ్లలా తలలు వంచుకుని నిలబడ్డాం. ఆయన అక్క చేతిలో తువ్వాలు ముట్టుకుని చూశారు.

"నీళ్లు చల్లారిపోయాయమ్మా. వేడివి తెప్పించండి." టై తీసి జేబులో కుక్కుకుని, ఆ బూట్లతోనే గడ్డి మీద మోకాళ్లు ఆనించారు. "అలా పైపైన అద్దితే దిగదు. మా అమ్మగారికి రోజూ పొద్దున్నే నేనే పెడతాను కాపడం. ఇలా మడతపెట్టి, ఒక్కచోటే ఉంచి, మెల్లగా నొక్కాలి. చూడండి."

మేము నోళ్లు తెరుచుకుని చూశాం. అన్నేళ్లు ఆయన కింద పనిచేసి, ఆయనకొక తల్లి ఉందనీ, ఆమెకు మోకాళ్లు ఉన్నాయనీ మేమెవరం అనుకోలేదు. తొమ్మిది దాటింది. గడియారం నా చేతికే ఉంది, నేను చూడలేదు. బండి డ్రైవరు వచ్చి, "సార్, ఎక్కిద్దామా?" అన్నాడు.

"ఆగవయ్యా! కాపడం మధ్యలో ఏమిటి నీ తొందర?"

ఇంకో అయిదు నిమిషాలు. సారు తడి తుడిచి, తువ్వాలు భుజాన వేసుకున్నారు. అక్క రెండు తొడలూ రుద్దింది. ఇద్దరూ చేతులు తీసేశారు. అవ్వ ముందుకాళ్లు చాచింది. ఆవులించింది. మెల్లగా, మా కోసం కానే కాదన్నట్టు, వెనక కాళ్లు కూడదీసుకుని లేచి నిలబడింది. ఒళ్లంతా విదిల్చుకుంది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఆపుకోవాలని అనిపించలేదు కూడా.

నాలుగడుగులు, ఆగడం. మళ్లీ నాలుగడుగులు. అరుగు దిగింది. గేటు దాటింది. అతిథుల కోసం పెట్టిన పూలకుండీ దగ్గర ఆగి, పొద్దుటి పని అక్కడే కానిచ్చింది. సారు అటు చూడలేదు. వెనక మా డ్రైవరు దాని గడ్డి పడకను ప్యాలెట్‌తో సహా ఫోర్క్‌లిఫ్ట్ మీద ఎత్తుకుని, పసుపు లైటు తిప్పుకుంటూ, కీక్ కీక్‌మంటూ బయల్దేరాడు. ఒక పక్క అక్క, ఒక పక్క నేను. బోను బండి డ్రైవరు కూడా చేతులు కట్టుకుని మా వెంట నడిచాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి మంచులోంచి రెండు కంటెయినర్ లారీలు వస్తున్నాయి. సారు ముందుకు ఉరికి, రెండు చేతులూ ఎత్తి రోడ్డు మధ్యలో నిలబడ్డారు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి. "ఆపండి! ఆపండి! అవ్వగారు దాటుతున్నారు, కనబడట్లేదా?"

అప్పటిదాకా ఆయన నోట 'ఆ కుక్క' తప్ప ఇంకో మాట మేము వినలేదు. లారీలు ఆగాయి. అవ్వ సరిగ్గా రోడ్డు మధ్యకు వచ్చి కూర్చుని, చెవి వెనక తీరికగా గోక్కుంది. వెనక ఇంకో మూడు లారీలు ఆగాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టి, "కౌన్ జా రహా భాయ్?" అని అడిగాడు. "హమారీ దాదీ! మా అవ్వ!" అని ఫోర్క్‌లిఫ్ట్ మీంచి మావాడు అరిచాడు. ఒక్క హారను మోగలేదు. ఆ రోడ్డు మీద అలాంటిది మళ్లీ చూడలేదు.

చాయ్ షెడ్డులో గోడ వారగా పక్క దించగానే అవ్వ గడ్డి మీద పడి కళ్లు మూసుకుంది. ఆ పక్క మీదే ఆ చలికాలం, ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు హాయిగా గడిపింది. అక్క రోజూ షిఫ్టుకు ముందు కాపడం పెట్టేది. అక్కకు సెలవైన రోజు నేను పెట్టేవాణ్ణి, మణికట్టు మీద నీళ్లు పోసి చూసుకుని.

ఆ సోమవారం మాత్రం గేటు దగ్గర కారు ఆగిన చప్పుడు వినబడింది. "అయ్యో, వచ్చేశారు!" అంటూ సారు టై తగిలించుకుని పరుగెత్తారు. ఆయన భుజం మీద అవ్వ కాపడం తువ్వాలు అట్లాగే ఉంది, బొచ్చుతో సహా. అక్క నా వంక చూసింది, నేను మా డ్రైవరు వంక చూశాను, ముగ్గురం నవ్వు ఆపుకుంటూ ఆయన వెనకే గేటు దాకా పోయాం. కారు దిగిన అతిథుల్లో పెద్దాయన ఆ తువ్వాలును చూసి, ఇక్కడ గౌరవంగా వేసుకునే కండువా అనుకున్నాడు కాబోలు, రెండు చేతులూ జోడించి తల వంచాడు. మా సారు కూడా అంతే గంభీరంగా దండం పెట్టి, ఆయన్ని కోల్డ్ రూమ్ వైపు నడిపించుకుపోయారు.